గడప ముందర గోరీ

మా అక్కకు చెవులు వినపడవు, మాట రాదు. చిన్నప్పుడు వచ్చిన పెద్ద జ్వరం ఆ రెంటినీ పట్టుకుపోయిందట. నేను పుట్టేసరికే ఆమె అట్లా ఉంది కాబట్టి, నాకు అక్క మాటలంటే మొదటి నుంచీ చేతులే. ప్రతి మనిషికీ ఆమె ఒక సైగ పెట్టుకుంది. మా బాపుకు మీసాలు దట్టం. పైపెదవి పక్కన రెండు వేళ్ళు మెలేస్తే బాపు. ఎదురింటి చాచాకు ఛాతీ దాకా తెల్ల గడ్డం. చుబుకం కింద అరచేత్తో దువ్వితే చాచా. నాకేమో తన ముక్కు కొన మీద చూపుడువేలితో రెండుసార్లు తట్టేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బస్తీ అంతా అనేది. ఆ మాట చెవిన పడకపోయినా ఆమెకు తెలిసిపోయింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోతుందని ఎదురుచూడడం కూడా ఎప్పుడో మానేశాను.

డెబ్బైల్లో మా ఇల్లు సైదాబాద్ దాటి కంచన్‌బాగ్ వైపు పోయే దారి మీద, రెండు వరసల పెంకుటిళ్ళ మధ్య ఉండేది. గడప దిగితే రోడ్డే. బాపు బస్సు డిపోలో ఫిట్టరు. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది, మరుసటి ఏడే చంకలో ఉన్న తమ్ముడూ పోయాడు. రెండు పాడెలూ ఆ గడప ముందు నుంచే లేచాయి. తర్వాత మిగిలింది మేం ముగ్గురం. నేను టైపు నేర్చుకుని మూసీ అవతల ఒక సర్కారు ఆఫీసులో చేరాను. అక్క ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టేది. చాచా భార్య నేర్పిన జరీ పని ఆమె చేతిలో ఎంత సన్నగా దిగేదంటే, మలక్‌పేట నుంచి కూడా పెండ్లి రవికలు ఆమె దగ్గరికే వచ్చేవి. ఆమెకు కూడూ నోరూ మర్యాదా అన్నీ ఆ పది వేళ్ళే.

మునిసిపాలిటీ నల్లా రోడ్డుకు అవతల, చాచా దుకాణం పక్కన ఉండేది. పొద్దున్నే ఒక గంట నీళ్ళు వదిలేవారు. చాచా గడియారాలు బాగు చేసేవాడు. ఆయనా బాపూ నిజాం కాలంలో ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఉర్దూ చదువుకున్నారు. బాపుకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు. డిపోలో సెలవు చీటీ అయినా, చుట్టాలకు ఉత్తరమైనా ఉర్దూలోనే రాసేవాడు. నాకు ఉర్దూ మాటలు నోటినిండా వచ్చుగానీ అక్షరం ఒక్కటీ రాదు. మా ఈడు వాళ్ళ ఇళ్ళల్లో చాలా చోట్ల ఇదే సంగతి: తండ్రి రాసింది బిడ్డ చదవలేదు, బిడ్డ రాసింది తండ్రి చదవలేడు. దానివల్ల కొంప మునుగుతుందని ఎవరనుకున్నారు?

ఆ రోడ్డు ముందు అంతా గుంతలే. ఎన్ని ఏళ్ళు మొత్తుకుంటే డాంబరు పడిందో! డాంబరు పడిన రోజు రోలరు నడిపే ఆయనకు మేమే దండ వేసి, చాయ్ బిస్కెట్ పెట్టాం. నెల తిరక్కముందే కంకర లారీలు మొదలయ్యాయి. గుంతలున్నప్పుడు మనిషి నడకతో వచ్చిన బండ్లు ఇప్పుడు మా ఇళ్ళ మధ్య నుంచి దూసుకుపోతుంటే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. మొదట ఒక మేక పోయింది. తర్వాత పాలు పోసే ముసలాయన సైకిలు మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆ పాలాయనకు హారను వినపడింది, తప్పుకునే వీల్లేక పడ్డాడు. మా అక్కకైతే ఆ హారను కూడా వినపడదు. రోజూ పొద్దున ఆరు బిందెలు మోయాలంటే పన్నెండుసార్లు ఆ రోడ్డు దాటాలి.

ఆ సంగతి అందరికంటే ముందు పట్టించుకున్నది చాచానే, అది ఒప్పుకోవాలి. నల్లా వచ్చే వేళకు గోడగడియారం పెట్టెలోని ఎర్ర మఖ్మల్ గుడ్డ ఒకటి పట్టుకుని వచ్చి రోడ్డు మధ్యలో నిలబడేవాడు. లారీ కనిపిస్తే గుడ్డ ఊపేవాడు. "ఆగురా బాబూ, మా బిడ్డ దాటుతున్నది!" అని అరిచేవాడు. డ్రైవర్లు తిట్టుకుంటూ బ్రేకు వేసేవారు. అక్క బిందె చంకన పెట్టుకుని, రెండో చేత్తో ఆయనకు గడ్డం దువ్వి చూపించి నవ్వి దాటేది.

కానీ ఎన్నాళ్ళని ఒక ముసలాయన లారీకి అడ్డం నిలబడతాడు? ఒక ఆదివారం బస్తీ ఆడవాళ్ళమంతా నులక మంచాలు తెచ్చి రోడ్డుకు అడ్డంగా వేశాం. వాటి ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి బిందెలు వరస పెట్టాం. మంచాల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకున్నాం, పిల్లల తలలు దువ్వుకున్నాం. అటూ ఇటూ లారీలు, ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు ఆగిపోయి ఒకటే లొల్లి. మధ్యాహ్నానికి జీపులో ఇంజనీరు వచ్చాడు.

"గిట్ల రోడ్డు బంద్ చేస్తే ఎట్లమ్మా?" అన్నాడు.

"బంద్ ఏడ చేసినం సారూ? మా బిందెల మీదికెంచి పోనియ్యున్రి, ఎవరొద్దన్నరు?" అంది మా పక్కింటామె. అందరం పడీ పడీ నవ్వాం. ఇంజనీరుకూ నవ్వొచ్చింది. స్పీడ్ బ్రేకరు కావాలని అర్జీ ఇస్తే వేయిస్తానని మాటిచ్చాడు.

ఆ అర్జీ నేనే ఇంగ్లీషులో రాశాను, మా ఆఫీసు మిషను మీద మధ్యాహ్నం భోజనం మానుకుని టైపు చేశాను. కింద తెలుగు సంతకాలు, ఉర్దూ సంతకాలు, వేలిముద్రలు నాలుగు కాగితాలు నిండాయి. పట్టుకుని ఇంజనీరు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఈరోజు సారు లేడు, రేపు ఫైలు లేదు, ఎల్లుండి ఫైలూ సారూ ఉన్నారుగానీ సంతకం చేసే పెద్దసారు లేడు. ఎనిమిది నెలలు తిప్పలు పడ్డాక మంజూరైంది. ఒక్కటే. అది ఎక్కడ వెయ్యాలో మేమే చెప్పాలట. దానికి అటూ ఇటూ ఉన్న రెండిళ్ళ వాళ్ళు మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలట.

ఇంకేముంది, అయిపోయిందనుకున్నాం. అప్పుడు మొదలైంది అసలు తిప్పలు. మా బస్తీలో అంతకు ముందు స్పీడ్ బ్రేకరు చూసిన వాళ్ళు తక్కువ. అది ఎట్లా ఉంటుందని ఎవరో అడిగితే, ఊరంతా తిరిగొచ్చిన కిరాణా కొట్టు ఆయన రోడ్డు మీద ఇంత మట్టి కుప్ప పోసి, పొడుగ్గా చేత్తో సాపు చేసి చూపించాడు. చూసిన వాళ్ళంతా ఒక అడుగు వెనక్కి వేశారు. రెండు పక్కలా వాలుగా, మధ్యలో ఉబ్బెత్తుగా, మనిషి పొడుగున పడుకున్నట్టు ఉంది అది.

"అరే, గిది గోరీ కాదుర?" అన్నాడు ఒకాయన.

ఆ మాటతో అందరి మొహాలూ మారిపోయాయి. మా వాళ్ళేమో గడప ముందు గోరీ ఉంటే ఇంట్లో మనిషి నిలవడన్నారు. ముస్లింల ఇళ్ళల్లో ఆడవాళ్ళు, గోరీ లాంటిదాని మీద నుంచి పొద్దస్తమానం బండ్లు తొక్కుకుంటూ పోతే పాపం కాదా అన్నారు. చర్చికి పోయే మాస్టారు తనకు అట్లాంటి పట్టింపులు ఏమీ లేవని చెప్పి, తన గోడ మాత్రం బీటలు వారుతుందన్నాడు. బ్రేకరు అందరికీ కావాలి. తన గడప ముందు మాత్రం వద్దు. సంతకాలు పెట్టిన నాలుగు కాగితాల మందిలో గడప ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. నాకు ఒళ్ళు మండిపోయి అందరినీ నోటికొచ్చినట్టు తిట్టాను.

అప్పుడు బాపు లేచాడు. నలుగురి మధ్యలో నిలబడి మీసం మీద చెయ్యి వేసి, "మా ఇంటి ముందర ఏస్కోన్రి. నా బిడ్డ దాటే జాగ అదే. నాకేం ఫికర్ లేదు" అన్నాడు.

నేను ఆ రోజు బాపును చూసి ఎంత పొంగిపోయానో! ఎదురుగా చాచా కూడా లేచాడు. "భాయ్ ఏస్కుంటుంటే నాకేంది? నా దిక్కు నేను దస్కత్ పెడ్త. దినాం గడియారాలు చచ్చుడు, లేసుడు చూసేటోన్ని, నాకు గోరీ అంటే భయమా?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరూ నా ముందే ఒప్పుదల కాగితం మీద ఉర్దూలో సంతకాలు చేశారు. నా కంటికి ఆ రెండూ ఒకటే వంకర గీతలు.

తర్వాత వారం రోడ్డు పనుల మేస్త్రీ వచ్చి మా గడప ముందు నుంచి చాచా గడప దాకా సున్నంతో రెండు గీతలు గీసి పోయాడు. అక్క ఆ గీతల మీద ముగ్గు వేస్తానని సైగ చేసింది. నేను నవ్వి, బ్రేకరు పడ్డాక దాని మీదే వేద్దువుగానిలే అని చెప్పాను. పని జరిగే రోజు నాకు సెలవు దొరకలేదు. బాపుకు రెండో షిఫ్టు కాబట్టి మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాడు, చూసుకుంటాడులే అని ధైర్యంగా ఆఫీసుకు పోయాను.

సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే, మా ఇంటికి ఇంకా చాలా దూరం ఉండగానే కాలికి దిబ్బ తగిలింది. కొత్త డాంబరు వాసన వేస్తోంది. అటు పక్క మూతపడ్డ కట్టెల అడితి, ఇటు పక్క ఖాళీ జాగా గోడ. అక్కడ మనిషి పురుగు ఉండదు. గబగబా ఇంటికి వచ్చి చూస్తే మా గడప ముందు సున్నం గీతలు అట్లాగే ఉన్నాయి, రోడ్డు మాత్రం నున్నగా ఉంది. ఇంతలో ఒక లారీ వచ్చింది. అక్కడ దిబ్బ దగ్గర ఆగి, మెల్లగా దాటి, పోయిన వేగమంతా రాబట్టుకోవాలని గేరు మార్చి ఇంజను అరిపించింది. సరిగ్గా మా నల్లా దగ్గరికి వచ్చేసరికి దానికి పట్టపగ్గాలు లేవు. ముందున్నదే నయం అనిపించేట్టు తయారైంది మా పని.

అక్క లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సూది ముట్టలేదు. ఏమైందని అడిగితే నా వైపు చూడనేలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఇంజనీరు ఆఫీసుకు పోయాను. అక్కడ కొత్తగా వచ్చిన గుమాస్తా కోస్తా వైపు మనిషి. ఫైలు తిప్పి, "ఇదుగోనండీ, ఇంటివారే ఒద్దని రాసిచ్చారు. మేస్త్రీ పట్టుకొచ్చి ఫైల్లో పెట్టాడు. ఉర్దూ అండీ, మాకేం తెలుస్తుంది? మా పాత గుమాస్తా చదివి, ఇంటివారి అభ్యంతరం, ఇళ్ళు లేని చోట వేయాలి అని పక్కన నోటు రాశాడు" అన్నాడు. ఒక చిన్న కాగితం, దాని నిండా నల్ల సిరాతో ఉర్దూ. బతిమాలి ఒక్కరోజుకని ఆ కాగితం తీసుకుని వచ్చాను.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. బాపు ఉర్దూలో తప్ప రాయలేడని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. నా కళ్ళముందే ఇద్దరూ ఉర్దూలో సంతకాలు పెట్టారు. అయినా ఆ కాగితం చూడగానే నాకు గడ్డమే గుర్తొచ్చింది, మీసం గుర్తుకు రాలేదు. ఉర్దూ అనగానే చాచా. అంతే, ఇంక వెనకా ముందూ చూడలేదు.

ఇంటికి వచ్చి బాపు చేతిలో పెట్టాను. "చదువు బాపూ, ఏం రాసి సచ్చిండో."

బాపు అద్దాలు పెట్టుకున్నాడు. కాగితాన్ని చాలాసేపు చూశాడు. గొంతు సవరించుకుని చదివాడు: "నా గడప ముందర ఈ దిబ్బ వద్దు. నేను నలుగురిలో సిగ్గుపడి ఒప్పుకున్నాను." అంతే చదివి ఆపేశాడు.

"ఎవరి దస్కత్ అది?"

బాపు అద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంకెవరిది బిడ్డా?" అన్నాడు.

అంతే, ఆ కాగితం లాక్కుని గడప దాటాను. అక్క పరుగెత్తుకొచ్చి నా పైట పట్టుకుని వెనక్కి గుంజింది. ఎంత గట్టిగా గుంజిందంటే పిన్నీసు ఊడిపోయింది. లొల్లి వద్దంటోంది కాబోలనుకుని ఆమెను విదిలించుకుని రోడ్డు దాటాను.

చాచా దుకాణంలో నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే కాగితం ఆయన బల్ల మీద కొట్టాను. "పెద్దమనిషి తరీఖా ఇదేనా చాచా? అందరి ముందర చప్పట్లు కొట్టించుకుంటివి, ఎన్కకెంచి కాయిదం రాసిస్తివి! మా అక్క బతుకు నీకు ఆటనా? ఎర్ర గుడ్డ పట్టుకొని నాటకాలా?"

ఆయన కంటికి పెట్టుకున్న చిన్న భూతద్దం తియ్యకుండానే కాగితం ఎత్తి చదివాడు. పై నుంచి కింది దాకా, చివరి గీత దాకా చదివాడు. తర్వాత తలెత్తి నా భుజం మీదుగా రోడ్డవతలికి చూశాడు. అక్కడ మా గడపలో బాపు నిలబడి ఉన్నాడు. చాచా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు.

"హౌ బేటీ. గల్తీ అయింది. మాఫ్ చెయ్" అన్నాడు.

మాఫీ ఎవరికి కావాలి? "రేపటి సంది మా అక్క కోసం నువ్వు రోడ్డు మీద నిలబడొద్దు. నీ నీడ కూడా ఆమె మీద పడొద్దు" అని వచ్చేశాను. బస్తీలో ఆ కాగితం సంగతి గుప్పుమంది. తమ గడప తాము దాచుకున్న వాళ్ళంతా చాచాను చూసి ముఖం తిప్పుకున్నారు. గడియారాలు మలక్‌పేటకు తీసుకుపోయి బాగు చేయించుకున్నారు. బాపు కూడా ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. మాకు జరిగిన ద్రోహానికి బాపు కూడా నొచ్చుకుంటున్నాడనే అనుకున్నాను. ఆ కాగితం తిరిగివ్వమని గుమాస్తా అడగలేదు, నేనూ ఇవ్వలేదు, ట్రంకు పెట్టెలో అడుగున దాచాను.

ఆరు వారాలు నీళ్ళు నేనే మోశాను. చాచా నల్లా వేళకు తలుపు సగం తెరిచి నిలబడేవాడు, బయటికి వచ్చేవాడు కాదు. ఎర్ర గుడ్డ చేతిలోనే ఉండేది. నేను చూసీ చూడనట్టు పోయేదాన్ని. ఏడో వారంలో నాకు జ్వరం వచ్చింది. బాపు మొదటి షిఫ్టుకు అప్పటికే వెళ్ళిపోయాడు. నేను దుప్పటి ముసుగులో ఉండగా అక్క బిందె తీసుకుని తనే బయలుదేరింది.

కేక చాచాది. నేను లేచి వచ్చేసరికి బిందె సొట్టపోయి కాలువలో పడి ఉంది. అక్క రోడ్డు మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన చాచా మోకాళ్ళ మీద కూలబడి, ఆ ఎర్ర గుడ్డను ఆమె కుడిచేతికి చుట్టి పట్టుకున్నాడు. లారీ బిందెకు తగిలిందట, అక్క పడిందట, వెనక చక్రం చేతి మీదుగా పోయిందట. ఆయన తలుపు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడుగానీ అందలేదు. మా అక్క నోట్లోంచి ఒక వింత శబ్దం వస్తోంది. అంతకు ముందెప్పుడూ ఆమె గొంతు నేను వినలేదు.

పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మిగతావి ఉన్నాయిగానీ వంగవు అన్నారు. ఇరవై రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. బస్తీ అంతా వచ్చి అయ్యో పాపం అని కళ్ళొత్తుకుని పోయారు. ఆమె మొదలుపెట్టిన పెండ్లి రవిక, జరీ సగం కుట్టింది, సూది గుచ్చిందే గుచ్చినట్టు దిండు కింద ఉంది. ఆ రవిక వాళ్ళు వచ్చి తీసుకుపోయిన రోజు నాకు పిచ్చెక్కినట్టయింది. ట్రంకు పెట్టె తెరిచి ఆ కాగితం తీశాను. అక్క ముందు పట్టుకుని, చుబుకం కింద దువ్వి చూపించాను: చాచా. కాగితం చూపించాను, ఆమె కట్టు చూపించాను. ఆయనే చేశాడు, ఈ కాగితమే చేసింది అని ఏడుస్తూ సైగలు చేశాను.

అక్క తల అడ్డంగా ఊపింది. నేను మళ్ళీ గడ్డం దువ్వాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో అట్లాగే ఉంచి, ఎడమచేతి రెండు వేళ్ళు పైపెదవి పక్కకు తీసుకుపోయి మెలేసింది.

నాకు అర్థం కాలేదు. అర్థం కాకూడదనుకున్నానేమో. ఆమె ఊరుకోలేదు. మళ్ళీ మీసం మెలేసింది. మోకాలు మీద కాగితం పెట్టుకుని, ఉర్దూ రాసినట్టు కుడి నుంచి ఎడమకు రాస్తున్నట్టు చూపించింది. గడప చూపించి, అక్కడ నిలబడ్డ మనిషికి ఆ కాగితం ఇచ్చినట్టు చూపించింది. చివరగా చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. మళ్ళీ మీసం.

మాట రాని బిడ్డకు, ఎవరికీ చెప్పొద్దని పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు మా బాపు.

సాయంత్రం ఆయన డిపో నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే కాగితం చేతికిచ్చాను. "బాపూ, ఇప్పుడు సక్కగ సదువు. మొత్తం సదువు" అన్నాను. ఆయన నన్ను చూశాడు, మంచం మీద అక్కను చూశాడు. అద్దాలు పెట్టుకోలేదు. ఏం రాశాడో తెలిసిన మనిషికి అద్దాలెందుకు?

"నా గడప ముందర ఈ దిబ్బ వద్దు. నేను నలుగురిలో సిగ్గుపడి ఒప్పుకున్నాను. ఈ గడప మీంచి నా భార్యను, నా కొడుకును మోసుకుపోయాను. ఇంకొకరిని మోసే బలం నాకు లేదు. గోరీని చూస్తూ గోరీని దాటుతూ నా బిడ్డలు తిరగడం నేను చూడలేను. ఈ సంగతి మా వాళ్ళకు తెలియనియ్యొద్దని మనవి." కింద తన పేరు కూడా చదివాడు. "దాని పానం కోసమే చేసిన బిడ్డా," అన్నాడు.

"మరి నాకెందుకు సెప్పకపోతివి? చాచా మీద ఎందుకు పెడ్తివి?"

"నలుగుట్ల మాటిచ్చిన కద బిడ్డా. నోరు రాలె."

పోనీ, భయపడ్డాడు. భార్యనూ కొడుకునూ పోగొట్టుకున్న మనిషి భయపడితే నేనెందుకు అర్థం చేసుకోను? ఆ రోజే నా చెయ్యి పట్టుకుని, బిడ్డా నాకు భయమైతుంది అంటే, ఇంకో దారి వెతికే వాళ్ళం. చాచా ఎర్ర గుడ్డ అయినా ఉండేది. నా చేత ఆ గుడ్డను కూడా తీయించాడు. ఒక్క అబద్ధం కూడా నోటితో ఆడకుండా, "ఇంకెవరిది బిడ్డా" అని నా కోపానికి దారి చూపించి తను గడపలో నిలబడ్డాడు. అది మాత్రం నాకు మింగుడుపడలేదు.

అప్పుడే రోడ్డు దాటి చాచా దగ్గరికి పోయాను. కాళ్ళు పట్టుకుందామనే పోయాను. "నువ్వు కాదని ఎందుకు సెప్పలేదు చాచా?" అని అడిగాను.

ఆయన చేతిలోని గడియారం పక్కన పెట్టాడు. "మీ బాపు గడపల నిలబడి నన్నే చూస్తుండె బేటీ. ఆ మొఖం చూసినంక ఉన్నది చెప్ప మనసు రాలె. చిన్నప్పటి సంది దోస్తులం. నా ఇజ్జత్ పోతే పోనీ, బిడ్డ ముందర ఆయన ఇజ్జత్ పోవద్దనుకున్న."

వంగి కాళ్ళు పట్టుకోబోయిన దాన్ని నిటారుగా నిలబడ్డాను. "మస్తు మంచిగున్నది చాచా మీ దోస్తీ. ఆయన ఇజ్జత్ నువ్వు కాపాడినవ్, నీ దోస్తీని ఆయన వాడుకున్నడు. నడుమ మా అక్క చెయ్యి పోయింది. దాన్ని ఒక్కలన్న అడిగిన్రా?" అన్నాను. నేనూ అడగలేదు, ఎర్ర గుడ్డను వద్దన్నది నేనే కదా. ఆ ఇంట్లో ఈ ఇంట్లో అందరం ఆమె కోసమే అంటూ తలా ఒక వేలు విరగ్గొట్టాం.

తర్వాత కొన్నేళ్ళకు రోడ్డు వెడల్పు చేసి ఆ అడితి దగ్గరి దిబ్బను కూడా తీసేశారు. ఈలోగా బాపూ చాచా మళ్ళీ మాట్లాడుకున్నారు. పొద్దున నల్లా వేళకు ఇటు బాపు, అటు చాచా, ఇద్దరూ రోడ్డు మీద నిలబడి లారీలు ఆపేవారు. నేను బిందెలు మోసేదాన్ని. అక్క మాత్రం గడప దిగేది కాదు.

ఆమె సైగలన్నీ ఎడమచేతికి మార్చుకుంది. నాకు ముక్కు కొన అట్లాగే ఉంచింది. చాచాకు గడ్డం అట్లాగే ఉంచింది. బాపుకు మీసం తీసేసింది. ఆయన వచ్చాడనో, ఆయనకు అన్నం పెట్టమనో చెప్పాల్సి వస్తే ఎడమ అరచేతిని బోర్లించి, గాలిలో దిబ్బ ఎక్కినట్టు మెల్లగా పైకి లేపి, అవతలికి వాలుగా దించేది. బాపు ముందే, ఆయన చూస్తుండగానే చేసేది. ఆయన పళ్ళెంలోకి తల వంచుకునేవాడు. ఆయన పోయేదాకా ఆ ఇంట్లో బాపు పేరు అదే.